చెఫ్‌లకు చెమటలు పట్టించే వంటకాలు: వీటిలో మీరు ఏది ముందు నేర్చుకోవాలి?

కష్టమైన వంటకాల జాబితా ఎక్కడ చూసినా దాదాపు అవే పేర్లు ఉంటాయి. సూఫ్లే, మాకరాన్, క్రోసాంట్, బీఫ్ వెల్లింగ్టన్, కాన్సొమ్మే, హాలండేజ్ సాస్, చేత్తో లాగే నూడుల్స్, చివర్లో ఫుగు చేప. వీటన్నిటినీ ఒకే గాటన కట్టేయడం వల్ల చదివేవాళ్లకు ఉపయోగం లేదు. ఆమ్లెట్ పాడైతే ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది, ఇంకో మూడు గుడ్లు కొట్టుకోవచ్చు. క్రోసాంట్‌లో మొదటి రోజు జరిగిన పొరపాటు రెండో రోజు కోసి చూస్తే గానీ బయటపడదు. ఫుగు శుభ్రం చేయడంలో తేడా వస్తే తిన్నవాళ్ల ప్రాణానికే ముప్పు.

అందుకే నేను పేరు చూసి వంటకాన్ని ఎంచుకోమని చెప్పను. తప్పు ఏ దశలో జరుగుతుంది? జరిగిన ఎంతసేపటికి కంటికి కనిపిస్తుంది? కనిపించాక దిద్దుకునే వీలుందా? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే మీకు సరిపడే వంటకం ఏదో తేలిపోతుంది. నేర్చుకునే దశలో తప్పు వెంటనే కనిపించే వంటకాలకే నా ఓటు. తప్పు ఎక్కడ జరిగిందో తెలియకుండా ఎన్నిసార్లు చేసినా చెయ్యి తిరగదు.

నిమిషాల్లో తేలిపోయేవి: ఆమ్లెట్, హాలండేజ్

మూడు గుడ్లు, కొంచెం వెన్న, ఉప్పు. ఫ్రెంచ్ ఆమ్లెట్‌కి ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. పైన ఎక్కడా గోధుమరంగు మచ్చ పడకూడదు, పైభాగం నున్నగా ఉండాలి, లోపల గుడ్డు ఇంకా క్రీములా మెత్తగా ఉండాలి. మొత్తం పని అటూ ఇటూగా ఒక నిమిషం. కొత్తగా పనికి వచ్చిన వంటవాడి చేత ముందు ఆమ్లెట్ వేయించి చూడటం ఎందరో చెఫ్‌లు పాటించే ఆనవాయితీ. జాక్ పెపిన్ లాంటి పేరున్న చెఫ్ కూడా ఒక వంటవాడి పనితనం ఆమ్లెట్‌లో తెలుస్తుందంటాడు.

ఇంత చిన్న పనిలో అంత కష్టం ఏముందంటే, తెల్లసొన 62 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిక్కబడటం మొదలవుతుంది, పచ్చసొన 70 డిగ్రీలకు గట్టిపడిపోతుంది. పాన్ వేడి అంతకంటే చాలా ఎక్కువ. మెత్తగా ఉండటానికీ రబ్బరులా సాగడానికీ మధ్య మీకు దొరికేది కొన్ని సెకన్లే. వెన్న వేశాక నురగ వస్తుంది. వెన్నలోని నీరు ఆవిరవుతున్న గుర్తు అది. ఆ నురగ అణుగుతున్నప్పుడు, వెన్న రంగు మారకముందే గుడ్లు పోయాలి. ఒక చేత్తో పాన్‌ని ముందుకీ వెనక్కీ ఊపుతూ, రెండో చేత్తో స్పాచులాను చిన్న చిన్న చుట్లుగా తిప్పుతూ ఉండాలి. కలపడం నెమ్మదిస్తే పెద్ద పెద్ద తరకలు కడతాయి, పైభాగం గరుకుగా వస్తుంది. పైన ఇంకా తడి మెరుస్తుండగానే కలపడం ఆపి, పాన్ వంచి, పిడి వైపు నుంచి చుట్టుకుంటూ వెళ్లి పళ్లెంలోకి బోర్లించాలి. ఇందులో ప్రతి పొరపాటూ మీ కళ్ల ముందే జరుగుతుంది. మచ్చ పడిందంటే మంట ఎక్కువ. చినిగిందంటే అడుగు అంటుకుంది. ముద్దగా వచ్చిందంటే ఆలస్యం చేశారు. మొదట నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి వంటకం నాకు కనిపించలేదు.

హాలండేజ్‌ది కూడా గుడ్డుకూ వేడికీ మధ్య గొడవే. పచ్చసొన, నిమ్మరసం కలిపి సన్నని వేడి మీద గిలకొడుతూ, కరిగించిన వెన్నను కొద్దికొద్దిగా పోస్తారు. పచ్చసొనలో ఉండే లెసిథిన్ వెన్న బిందువులను పట్టి ఉంచి, వాటిని నీటితో కలిసి ఉండేలా చేస్తుంది. వెన్న గబగబా పోస్తే ఆ పట్టు తప్పి సాస్ విరిగిపోతుంది. ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. వెన్న నూనెలా వేరుపడితే దిద్దుకోవచ్చు. శుభ్రమైన గిన్నెలో ఒక చెంచా గోరువెచ్చని నీళ్లు గానీ కొత్త పచ్చసొన గానీ తీసుకుని, విరిగిన సాస్‌ను చెంచా చెంచాగా అందులో పోస్తూ గిలకొడితే మళ్లీ కలుస్తుంది. అదే వేడి ఎక్కువై సొన ఉడికి పలుకులు కడితే ఇక చేసేదేమీ లేదు, పారబోయడమే. అందుకే గిన్నె అడుగును చేత్తో తాకి చూస్తూ ఉండండి, చెయ్యి పెట్టలేనంత కాలితే వెంటనే దించేయండి.

పొరపాటు జరిగితే టెన్షన్ పడిపోయే మనిషైతే హాలండేజ్‌తో మొదలుపెట్టవచ్చు, దిద్దుకోగలనన్న ధైర్యం వస్తుంది. రోజూ ఒకటి చేసి చెయ్యి తిప్పుకుందామనుకుంటే ఆమ్లెట్. రెండిట్లో ఒకటే చెప్పమంటే నేను ఆమ్లెట్ అనే అంటాను. వేడిని చూసి, విని, వాసన పట్టి అర్థం చేసుకోవడం ఆమ్లెట్‌తో వస్తుంది. హాలండేజ్‌తో సహా మిగతావాటన్నిటికీ అదే కావాలి.

సూఫ్లే: ఉన్న కష్టం కన్నా భయం ఎక్కువ

సూఫ్లేకి ఉన్నంత భయంకరమైన పేరు ఇంకో వంటకానికి లేదు. నిజానికి అందులో సగం భయం ఉత్తదే. చిక్కటి వైట్ సాస్‌లో పచ్చసొన, చీజ్ కలుపుతారు. తీపి సూఫ్లే అయితే చాక్లెట్ కలుపుతారు. గిలకొట్టి నురగలా చేసిన తెల్లసొనను దానిలో మెల్లగా కలిపి ఒవెన్‌లో పెడతారు. నురగలోని గాలి వేడికి వ్యాకోచిస్తుంది, మిశ్రమంలోని నీరు ఆవిరవుతుంది, రెండూ కలిసి దాన్ని పైకి లేపుతాయి. బయటికి తీయగానే చల్లబడటం మొదలవుతుంది కాబట్టి కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది. ఎంత గొప్ప చెఫ్ చేసినా దిగుతుంది. అది మీ తప్పు కాదు.

ఒవెన్ తలుపు తీస్తే సూఫ్లే కూలిపోతుందన్న మాట కూడా అంత నిజం కాదు. ఒక్క క్షణం తీసి చూసి మూసేస్తే ఏమీ కాదు. చాలాసేపు తెరిచి ఉంచితే లోపల వేడి పడిపోతుంది, అప్పుడు ఇబ్బంది.

అసలు తప్పులు ఒవెన్‌లో పెట్టకముందే, గిన్నెలోనే జరిగిపోతాయి. తెల్లసొనలో పచ్చసొన చుక్క పడినా, గిన్నెకు జిడ్డు ఉన్నా నురగ సరిగా రాదు. ఎక్కువసేపు గిలకొడితే నురగ పొడిబారి, ముక్కలుగా విడిపోయి, అడుగున నీళ్లు చేరతాయి. విస్క్ పైకెత్తినప్పుడు నురగ నిలబడి కొన మాత్రం కొంచెం వంగితే సరైన దశ. కలిపేటప్పుడు ముందు నురగలో నాలుగో వంతు తీసి సాస్‌లో గట్టిగానే కలిపేయండి, సాస్ పలచబడుతుంది. మిగతాది అడుగు నుంచి పైకి తిరగేస్తూ కలపండి. అక్కడక్కడా తెల్లటి చారలు కనిపిస్తున్నా ఫరవాలేదు, అవి పోయేదాకా కలిపితేనే నష్టం. ఈ తప్పులన్నీ కంటికి కనిపించేవే కాబట్టి నా లెక్కలో సూఫ్లే మధ్యస్థంగా కష్టమైన వంటకం, అంతే. దీనిలో నిజమైన ఇబ్బంది వడ్డించే వేళ. తినేవాళ్లు ముందే బల్ల దగ్గర కూర్చుని ఉండాలి. వచ్చేవాళ్లు టైముకు రారని తెలిస్తే ఆ రోజుకి ఇంకోటి ఎంచుకోండి.

మాకరాన్‌నా, క్రోసాంట్‌నా?

బేకింగ్ మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఎక్కువగా తేల్చుకోలేకపోయేది ఇక్కడే. రెండూ కష్టమే గానీ ఆ కష్టాలు రెండు రకాలు.

మాకరాన్ అనే చిన్న ఫ్రెంచ్ బిస్కెట్‌లో వాడేవి నాలుగే: బాదం పొడి, ఐసింగ్ షుగర్, తెల్లసొన, పంచదార. పైన గుడ్డు పెంకులా నున్నగా, అడుగున నురగ అంచుతో రావాలి. ఆ అంచును బేకర్లు ఫీట్ అంటారు. దీనిలో చిక్కేమిటంటే, ఒకే లోపానికి మూడు నాలుగు కారణాలు ఉంటాయి. పైన బీటలు వచ్చాయంటే ఒవెన్ వేడి ఎక్కువైందేమో, ఆరబెట్టింది చాలలేదేమో, పిండి సరిగా కలవలేదేమో. లోపల బోలుగా ఉందంటే మెరాంగ్, అంటే పంచదారతో గిలకొట్టిన తెల్లసొన నురగ, ఎక్కువ గిలకొట్టారేమో, లోపలిదాకా కాలలేదేమో. తప్పు కనిపిస్తుంది గానీ దాని మూలం కనిపించదు. అందువల్ల మాకరాన్ చేసేవాళ్లు ఒకసారికి ఒక్క విషయమే మార్చి చూడాలి, ఏం మార్చారో రాసిపెట్టుకోవాలి. ఆ ఓపిక లేకపోతే ఎన్ని ట్రేలు కాల్చినా అక్కడే ఉంటారు.

అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం మాకరొనాజ్, అంటే బాదం పొడిని మెరాంగ్‌లో కలపడం. సూఫ్లేలో నురగను కాపాడాలి, ఇక్కడ కొంత నురగను కావాలనే అణచాలి. స్పాచులాతో మిశ్రమాన్ని గిన్నె గోడకు ఒత్తుతూ కలిపి, మధ్యమధ్యలో పైకెత్తి జారవిడిచి చూడాలి. ముద్దలు ముద్దలుగా పడితే ఇంకా కలపాలి. తెగకుండా రిబ్బన్‌లా జారి, కింద పడిన గీత పది ఇరవై సెకన్లలో మెల్లగా మిశ్రమంలో కలిసిపోతే అక్కడితో ఆపేయాలి. అక్కడి నుంచి నాలుగు తిప్పులు ఎక్కువ తిప్పినా ట్రే మీద పాకిపోయి, ఫీట్ రాకుండా పలచటి బిళ్లలవుతాయి. మిశ్రమాన్ని సంచిలోంచి బిళ్లలుగా పిండాక (పైపింగ్) ట్రేని బల్ల మీద తట్టి గాలి బుడగలు పోగొట్టి, వేలు తగిలిస్తే అంటుకోనంతవరకూ ఆరనివ్వాలి. అరగంట పట్టొచ్చు, గాలిలో తేమ ఉంటే గంట దాటినా ఆరకపోవచ్చు.

మెరాంగ్‌ని రెండు రకాలుగా చేస్తారు. ఫ్రెంచ్ పద్ధతిలో తెల్లసొనలో పంచదారను నేరుగా వేసి గిలకొడతారు. ఇటాలియన్ పద్ధతిలో 118 డిగ్రీల దాకా కాచిన పాకాన్ని సన్నని ధారగా పోస్తూ గిలకొడతారు. మొదటిది తేలిక అనిపిస్తుంది గానీ ఆ నురగ తొందరగా దెబ్బతింటుంది. థర్మామీటర్ ఉంటే ఇటాలియన్ పద్ధతికే వెళ్లండి, ప్రతిసారీ ఒకే రకంగా వస్తుంది.

క్రోసాంట్ ఇందుకు పూర్తిగా భిన్నం. ఈస్ట్ వేసిన పిండి మధ్యలో వెన్న పలక పెట్టి, పరిచి, మూడు మడతలు వేసి, మళ్లీ పరిచి మళ్లీ మడత పెడతారు. ఇలా మూడుసార్లు చేస్తే 27 వెన్న పొరలు వస్తాయి. చేతిపని కన్నా వెన్న వేడి ఇక్కడ ముఖ్యం. మరీ చల్లగా ఉంటే వెన్న పరిచేటప్పుడు లోపలే పగిలి ముక్కలవుతుంది. మెత్తబడితే పిండిలోకి ఇంకిపోతుంది. సుమారు 13 నుంచి 16 డిగ్రీల మధ్య అది విరగకుండా వంగుతుంది. పిండి కూడా అంతే మెత్తగా ఉండాలి. చివరిసారి పొంగబెట్టేటప్పుడు 27 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి, ఎందుకంటే 32 దాటాక వెన్న కరిగి కారిపోతుంది, అప్పటిదాకా పడ్డ కష్టం అంతా ట్రేలో నూనె మడుగవుతుంది. తొందరపడి సరిగా పొంగకముందే కాల్చినా వెన్న కారుతుంది, లోపల ముద్దగా ఉంటుంది.

ఈ తప్పుల్లో చాలావరకు మరుసటి రోజు కోసి చూసినప్పుడే తెలుస్తాయి. లోపల గదులు గదులుగా విచ్చుకుని కనిపించాల్సిన చోట బ్రెడ్‌లా మూసుకుపోయి ఉంటుంది. కాకపోతే క్రోసాంట్‌లో ఒక గొప్ప సౌకర్యం ఉంది. ఏ దశలో అనుమానం వచ్చినా పిండిని ఫ్రిజ్‌లో పెట్టి అరగంట ఆగొచ్చు. మాకరాన్ మిశ్రమం అలా ఆగదు.

తూకం, నోట్స్, ఒకేరోజులో ఫలితం ఇష్టపడేవాళ్లకు మాకరాన్. నిదానంగా, చేతికి తగిలే మెత్తదనాన్ని బట్టి పని చేసేవాళ్లకు క్రోసాంట్. వంటగది బాగా వేడిగా ఉండి చల్లబరిచే దారి లేకపోతే క్రోసాంట్ జోలికి పోకండి. రెండూ వీలైన చోట నేను క్రోసాంట్ వైపే మొగ్గుతాను, ఎందుకంటే అది నేర్పే పని ఇంకా చాలా చోట్ల అక్కరకొస్తుంది. అదే మడతను ఆరుసార్లు వేస్తే 729 పొరల పఫ్ పేస్ట్రీ. డేనిష్‌లు చేయొచ్చు, వెల్లింగ్టన్ పైపొర చేయొచ్చు. మాకరొనాజ్‌లో సంపాదించిన ఒడుపు మాత్రం ఎక్కువగా మాకరాన్‌కే పనికొస్తుంది. తినడానికి రెండూ బాగుంటాయి, బీటలు పడిన మాకరాన్ కూడా క్రీమ్ పెట్టి ఒకరోజు ఫ్రిజ్‌లో ఉంచితే కమ్మగానే ఉంటుంది.

విందుకైతే: వెల్లింగ్టన్, కాన్సొమ్మే

బీఫ్ వెల్లింగ్టన్‌లో ఏ ఒక్క పనీ విడిగా చూస్తే కష్టం కాదు. టెండర్‌లాయిన్ అనే మెత్తటి బీఫ్ ముక్కను పైపైన కాల్చి, సన్నగా తరిగి వేయించిన పుట్టగొడుగుల ముద్దతో, హామ్‌తో చుట్టి, పఫ్ పేస్ట్రీలో పెట్టి కాలుస్తారు. చిక్కంతా లోపల ఏం జరుగుతోందో కనిపించకపోవడంలో ఉంది. పైన పేస్ట్రీ 200 డిగ్రీల ఒవెన్‌లో పూర్తిగా కాలి కరకరలాడాలి, లోపల మాంసం 55 డిగ్రీల దగ్గర ఆగిపోవాలి. పైగా పుట్టగొడుగుల్లో 90 శాతం నీళ్లే. ఆ నీళ్లు పాన్‌లోనే పూర్తిగా ఇగరకపోతే పేస్ట్రీ అడుగు నానిపోతుంది. పుట్టగొడుగులను తడి చప్పుడు ఆగి, ముద్ద పాన్‌కి అంటుకోవడం మొదలయ్యేదాకా వేయించాలి. ప్రతి చుట్టు తర్వాత ఫ్రిజ్‌లో చల్లబరచాలి. లోపల 50 డిగ్రీలు రాగానే తీసేస్తే, పక్కన ఉంచిన పది పదిహేను నిమిషాల్లో ఇంకొన్ని డిగ్రీలు అదే పెరుగుతుంది. థర్మామీటర్ లేకుండా అంచనా మీద చేయడం నేను ఎవరికీ సలహా ఇవ్వను. మాంసం బదులు సాల్మన్‌తో చేసే రకం కూడా ఉంది, చేప తొందరగా ఉడుకుతుంది కాబట్టి దానిలో గడువు ఇంకా తక్కువ.

కాన్సొమ్మే చూడటానికి ఉత్త సూప్. కానీ గిన్నె అడుగు స్పష్టంగా కనిపించేంత తేటగా ఉండాలి, రుచి మాత్రం గాఢంగా ఉండాలి. చల్లటి స్టాక్‌లో, అంటే ఎముకలు, మాంసం ఉడికించి వడకట్టిన రసంలో, తెల్లసొన, కొవ్వు లేని ఖీమా, తరిగిన కూరగాయలు కలిపి మెల్లగా వేడి చేస్తే తెల్లసొన గట్టిపడుతూ మురికినంతా పట్టుకుని పైకి తేలుతుంది. ఆ పైతెట్టును రాఫ్ట్ అంటారు. అది కట్టడం మొదలయ్యాక గరిటె పెట్టకూడదు, తెర్లనివ్వకూడదు. దాదాపు గంటసేపు అలా సన్నగా కాగనిచ్చి, రాఫ్ట్‌లో చిన్న రంధ్రం చేసి గరిటెతో తీసి గుడ్డలో వడకడతారు. ఒక్కసారి తెర్లినా రాఫ్ట్ పగిలి సూప్ మసకబారుతుంది. అయినా చల్లార్చి, కొత్త తెల్లసొనతో మళ్లీ తేట పరచవచ్చు, రుచి కొంచెం తగ్గుతుంది అంతే. చేతి ఒడుపు అంతగా అక్కర్లేని దారి కూడా ఉంది. స్టాక్‌లో జెలటిన్ కలిపి గడ్డకట్టించి, ఫ్రిజ్‌లో గుడ్డ మీద మెల్లగా కరగనిస్తే తేట నీరే కిందికి దిగుతుంది. రోజు, రోజున్నర ఆగాలి.

అతిథులు వచ్చే రోజుకు నా ఎంపిక కాన్సొమ్మే. ముందు రోజే చేసి, చూసి, సరిగా వస్తేనే పెట్టొచ్చు. వెల్లింగ్టన్‌ని అందరి ముందూ కోసేదాకా మీకూ తెలియదు. ఇంట్లోవాళ్లకు ఒకటి రెండుసార్లు చేసి పెట్టాక అతిథులకు చేయండి.

చేత్తో లాగే నూడుల్స్

చైనాలోని లాంజౌ పద్ధతిలో పిండి తాడును ఎనిమిదిసార్లు రెట్టింపు చేస్తూ లాగితే 256 పోగులు వస్తాయి. ఇక్కడ ఒవెన్ లేదు, థర్మామీటర్ లేదు, చేతులే. తెగితే అప్పటికప్పుడు తెలుస్తుంది, మళ్లీ పిసికి మొదలుపెట్టవచ్చు, పదార్థాల ఖర్చు కూడా తక్కువ. నా కొలతల ప్రకారం అన్ని విధాలా మంచి ఎంపికే, కాకపోతే చెయ్యి కుదరడానికి నెలలు పట్టే పని. పిండి అంతలా సాగడానికి క్షారం కలుపుతారు, మామూలుగా కలిపిన పిండి రెండో లాగుకే తెగుతుంది. ముందు బియాంగ్ బియాంగ్ నూడుల్స్ నేర్చుకోండి. నూనె రాసి బాగా నానబెట్టిన పిండి ముక్కను ఒక్కొక్కటిగా వెడల్పుగా లాగడమే కాబట్టి తొందరగా వస్తుంది.

ఎంపికలోంచి తీసేయాల్సినవి

ఫుగుని మిగతావాటితో పోల్చనే కూడదు. దాని కాలేయంలో, అండాశయాల్లో ఉండే టెట్రోడోటాక్సిన్ వండినా పోదు, విరుగుడు మందు లేదు. జపాన్‌లో దాన్ని కోయాలంటే ప్రత్యేక అర్హత ఉండాలి, కాలేయం వడ్డించడం నిషేధం. 1975లో బాండో మిత్సుగోరో అనే ప్రఖ్యాత కబుకి (జపాన్ సంప్రదాయ నాటకం) నటుడు క్యోటోలో ఫుగు కాలేయం తిని చనిపోయాడు. ఇంట్లో ప్రయత్నించే మాటే వద్దు.

పెకింగ్ డక్ అనే చైనా బాతు వంటకంలో చర్మానికీ కొవ్వుకీ మధ్య గాలి ఊది, మరిగే నీళ్లు పోసి, తీపి పాకం పూసి, గంటల తరబడి ఆరబెట్టి, వేలాడదీసి కాలుస్తారు. బీజింగ్‌లో 1864లో మొదలైన క్వాన్‌జుడే ఈ వేలాడదీసే పొయ్యి పద్ధతికే పేరు పొందింది. మామూలు ఒవెన్‌లో దగ్గరి రుచి రావచ్చు గానీ ఆ చర్మం రాదు. దాన్ని చేతనైనవాళ్ల దగ్గరికి వెళ్లి తినడమే మేలు. టర్కీ కోడి లోపల బాతు, బాతు లోపల మామూలు కోడి పెట్టే టర్‌డకెన్‌ని కూడా నేను వద్దనే అంటాను. మధ్యలోని కోడి 74 డిగ్రీలకు చేరేలోపు పైనున్న టర్కీ ఎండిపోతుంది, అంత శ్రమకు తగ్గ రుచి దానిలో లేదు.

మీరు దేన్ని ఎంచుకున్నా, కొత్త మౌల్డులూ అచ్చులూ కొనేముందు మూడు వస్తువులు తెచ్చుకోండి. గ్రాముల్లో తూచే డిజిటల్ కాటా, గుచ్చి చూసే థర్మామీటర్, ఒవెన్‌లో వేలాడదీసే చిన్న థర్మామీటర్. చివరిది చాలామంది కొనరు, కానీ ఇంటి ఒవెన్ మీటరు మీద 150 చూపిస్తూ లోపల 165 ఉండటం మామూలే. ఆమ్లెట్‌కి ఆ తేడాతో పని లేదు, సూఫ్లే కొంత ఓర్చుకుంటుంది. మాకరాన్ మాత్రం ఆ పదిహేను డిగ్రీలకే పగులుతుంది, మీరేమో పిండి కలపడంలో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటారు.